నెల ముందు, తేదీ తర్వాత

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఈ విషయం లోపల పెట్టుకునే ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను. మనసులో బరువు అంటే అస్తమానం నొప్పి పెడుతూ ఉండేదని అనుకునేదాన్ని. అలా కాదు. వారాల తరబడి గుర్తే ఉండదు. బ్యాంకులో చీటీ నింపుతుంటే పక్కావిడ ఇవాళ తేదీ ఎంతండీ అని అడుగుతుంది. అంతే, చీటీ మీద నా పెన్ను ఆగిపోతుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మధ్యలో ఎక్కడో ధైర్యం చాలక ఆపేస్తాను. నేను ఒక మనిషిని తనకు తెలివి లేదని నమ్మేలా చేశాను. ఆమెకు తెలివి ఉందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఎనభైల మధ్య సంగతి. మాది కృష్ణా జిల్లా. లెక్కల్లో డిగ్రీ పాసై, కంప్యూటరు కోర్సు ఒకటి చేసి, సైదాబాద్‌లో మా మేనమామ ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేదాన్ని. దబీర్‌పురాలో రైలు స్టేషనుకు దగ్గరగా ఒక సహకార సంఘం ఉండేది. పప్పులు, సబ్బులు, బట్టలు టోకున తెప్పించి పాతబస్తీలోని డిపోలకు పంపేది. దాని పేరు చెప్పను. ఆ సంఘం కమిటీవాళ్లకు కంప్యూటరు పెట్టాలని కోరిక పుట్టింది. కొనేముందు అది తమ దగ్గర నడుస్తుందా, తమవాళ్లు దానికి తయారుగా ఉన్నారా అన్నది చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలన్నారు. తాత్కాలిక ఉద్యోగం. ఆ మనిషిని నేనే.

మేనేజరు ఖాజా సాబ్. తెల్ల షేర్వానీ, పాన్ వాసన, నెమ్మదైన మాట. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, మిషన్ కొనడం పెద్ద విషయం కాదనీ, దాని ముందు కూర్చునేవాళ్ల మనసు ఎట్లా ఉందో చూడమనీ చెప్పారు. నిజానికి నా పని మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను కరెంటు ఎన్నిసార్లు పోతుందో, మిరపకాయల ఘాటు దుమ్ము ఏ గది దాకా వస్తుందో రాసుకుంటూ తిరిగాను.

ఆ తిరగడం ఎంత బాగుండేదో మీకెలా చెప్పను. సైదాబాద్ నుంచి బస్సులో వచ్చి, దిగి, గల్లీల గుండా నడిచేదాన్ని. గాజుల కొట్లవాళ్లు అప్పుడే తలుపులు తీసి నీళ్లు చల్లుతుండేవారు. ఇరానీ హోటల్లోంచి ఉస్మానియా బిస్కెట్ల వాసన వచ్చేది. రైలు వెళితే మా గోదాం రేకులు గజగజలాడేవి, మాట్లాడుతున్నవాళ్లు మాట ఆపి, రైలు పోయాక ఆపినచోటి నుంచే మొదలుపెట్టేవారు. మా ఊళ్లో నేను ఫలానా వారి అమ్మాయిని. ఇక్కడ ఎవరి అమ్మాయినీ కాను. ఆ సంగతి నాకు నడకలో తెలిసేది. అడుగు తేలిగ్గా పడేది.

ఒక్కో సెక్షన్‌లో రెండేసి రోజులు కూర్చుని అందరినీ అడిగేదాన్ని. మీరేం చేస్తారు, ఎక్కడ పని ఆగిపోతుంది, మిషన్ వస్తే ఏమనుకుంటున్నారు అని. డిస్పాచ్‌లో ఉండే పెద్దాయన మిషన్‌కు ఉర్దూ వచ్చా అని అడిగారు. రాదన్నాను. అయితే అది ఇక్కడ ఏం బతుకుతుందని జాలిపడ్డారు. మాకు ఫ్యాను లేదు కానీ దానికి ఏసీ గదా అని హమాలీలు లొల్లి చేశారు. యూనియన్ అతను నాతో మాట్లాడనని చెప్పి, ఆ మాట మీద గంటసేపు మాట్లాడాడు.

బిల్లింగ్ సెక్షన్‌లో సుగుణ అక్క ఉండేది. నలభైకి దగ్గర్లో ఉంటుంది. మెట్రిక్ పాసైంది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. స్టేషను వెనక రెండు గదుల ఇల్లు, ఒక కూతురు, ఆదివారం చర్చి. నేను వరండాలో ఒక్కదాన్నే కూర్చుని అన్నం తింటుంటే చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు చెల్లెని. నేను మాటకు ముందొకటి వెనకొకటి 'అండీ' చేరుస్తుంటే వినడానికి మస్తుగుంటదని, కావాలని నాచేత మాట్లాడించేది.

ఆమె గురించి రాయాలంటే మొదట పప్పుల గొడవ గుర్తొస్తుంది. గోదాంలో కందిపప్పు అంటారు. బిల్లుల్లో తువర్ అని రాస్తారు. బయట రాష్ట్రం నుంచి వచ్చే సరుకు మీద అర్హర్ అని ఉంటుంది. అందరికీ అది ఒకటే పప్పు. మిషన్‌కు మాత్రం మూడు పప్పులు. ఎర్రపప్పు, మసూర్, మైసూర్ పప్పు, అదీ అంతే. ఇది తేలకుండా కంప్యూటరు పెడితే స్టాకు మొత్తం తలకిందులవుతుందని నాకు భయం పట్టుకుంది. సుగుణ అక్కకు చెప్పాను. ఆమె ఒక శనివారం మధ్యాహ్నం గోదాంవాళ్లను, డిస్పాచ్ పెద్దాయనను, బిల్లింగ్‌వాళ్లను అందరినీ పిలిచి చాప వేసి కూర్చోబెట్టింది. అందరికీ చాయ్ తెప్పించింది. ఒక్కో సరుకు పేరు చెప్పడం, దాని మీద కొట్లాడుకోవడం, చివరికి ఒక పేరుకు ఒప్పుకోవడం. తువర్ అనే పేరు ఓడిపోయినప్పుడు డిస్పాచ్ పెద్దాయన అలిగి లేచిపోబోయారు. సుగుణ అక్క ఆయనకు శనగపప్పు విషయంలో గెలుపు ఇచ్చి కూర్చోబెట్టింది. పొద్దువాలేదాకా నవ్వులే. ఆ రోజు తర్వాత మిషన్ అన్న మాట వింటే ఎవరూ మొహం తిప్పుకోలేదు.

అంటే ఆ సంఘం తయారుగానే ఉంది. తయారు చేసింది ఆమె. ఈ మాట అప్పుడు రాయవలసినచోట నేను రాయలేదు.

తర్వాత ఒక నెల కోసం మిషన్ అద్దెకు తెచ్చారు. బియ్యం బస్తాలుండే గది కడిగించి, సున్నం వేయించి, అందులో పెట్టారు. ఇష్టమున్నవాళ్లకు నేను పని నేర్పాలి. మొదట్లో నలుగురైదుగురు వచ్చారు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరే జారుకున్నారు. సుగుణ అక్క మిగిలింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో మొదటిసారి తన పేరు చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, అది చెరిగిపోతుందా అని అడిగింది. దాచుకోవచ్చని చెప్పి ఎట్లా దాచాలో చూపించాను. మర్నాడు వచ్చి నన్ను అడగకుండానే తీసి చూసుకుంది.

ఆ మధ్యలోనే ఒకరోజు పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. మేం ఆఫీసులో ఉండగా తెలిసింది. బస్సులు ఆగిపోయాయి. సైదాబాద్ వెళ్లే దారి లేదు. సుగుణ అక్క నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. కర్ఫ్యూ సడలించేదాకా అక్కడే ఉన్నాను. ఇంట్లో ఉన్నవాటితోనే రోజుకో కూర చేసి పెట్టింది. మంచం నాకిచ్చి వాళ్లు కింద పడుకున్నారు. మేనమామ కంగారు పడతారని నేను ఏడుస్తుంటే, ఆమె భర్త స్టేషను మాస్టరు దగ్గరికి పోయి, ఎవరెవరినో పట్టుకుని ఫోను చేయించి కబురు పంపాడు. బయట వీధి అంతా నిశ్శబ్దం. లోపల సుగుణ అక్క పాత క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో కీబోర్డు గీసుకుంది. అన్నం ఉడికేలోపు దాని మీద వేళ్లు ఆడించేది. కూతురు రూతు పక్కన కూర్చుని తప్పులు పట్టేది. రూతు అప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కలంటే ఇష్టం. ఆ గదిలో మా ముగ్గురి తలలూ ఆ కాగితం మీదికి వంగి ఉండటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నా జీవితంలో అంత భద్రంగా ఉన్న రోజులు ఎక్కువ లేవు.

ఆ ఇంటి అన్నం తిన్న నెలలోపే నేను ఆ పని చేశాను.

ఆ అద్దె నెల చివరికి వస్తుండగా ఖాజా సాబ్ పిలిచి కమిటీ నిర్ణయం చెప్పారు. మిషన్ కొంటున్నారు. దాన్ని నడపడానికి ఒక మనిషి చాలు. ప్రోగ్రాముల సంగతి కంపెనీ ఇంజనీరు చూసుకుంటాడు. సంఘంలో ఉన్నవాళ్లలో ఎవరికైనా ఆ పని వస్తే వాళ్లకే ఇస్తారు. ఎవరికీ రాకపోతే నన్ను పర్మనెంట్ చేస్తారు. ఆయన ఇది సంతోషంగా చెప్పారు. సుగుణమ్మకు వచ్చేసినట్టుందే, నువ్వు బాగా నేర్పావమ్మా అన్నారు. బయటివాళ్లను తేవలసిన అవసరం లేకుండా చేశానని నన్ను మెచ్చుకున్నారు.

అర్థమైంది కదా. సంఘం తయారుగా ఉందో లేదో చెప్పవలసింది నేను. ఉందని చెబితే నా ఉద్యోగం పోతుంది. లేదని చెబితే ఉంటుంది.

ఆకలితో చేశానని చెప్పుకోను. మా ఇంట్లో తిండికి లోటు లేదు. ఉద్యోగం పోతే మా ఊరు వెళ్లాలి, అంతే. మళ్లీ ఫలానా వారి అమ్మాయిని కావాలి. మేడ మీద గదిలో కూర్చుని, వచ్చే సంబంధాల కోసం ఫోటోలు దిగుతూ ఉండాలి. గాజుల కొట్ల మధ్య నుంచి నడిచే ఆ నడక ఉండదు. ఇది అంత పెద్ద భయమా? ఇప్పుడు తూచి చూస్తే కాదు. అప్పుడు అంతకంటే పెద్దది నాకు కనిపించలేదు. అయినా, భయం చిన్నదైతే తప్పు పెద్దదవుతుందా, భయం పెద్దదైతే తప్పు చిన్నదవుతుందా? ఎన్నోసార్లు వేసుకున్నాను ఈ ప్రశ్న. దీని వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

కమిటీవాళ్ల ముందు సుగుణ అక్క బిల్లు వేసి చూపించాలని రోజు పెట్టారు. దానికి ముందురోజు రూతుకు జ్వరమని ఆమె మధ్యాహ్నమే ఇంటికి వెళ్లింది. గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. బిల్లు వేయాలంటే మొదట తేదీ కొట్టాలి. ఆ అద్దె మిషన్‌లో వాడిన ప్రోగ్రాము నేను రాసిందే. మన అలవాటు ప్రకారం తేదీ ముందు, నెల తర్వాత. దాన్ని మార్చాను. నెల ముందు, తేదీ తర్వాత. తప్పు వరసలో కొడితే మిషన్ ఒప్పుకోదు. అప్పటికి పదిహేనో తేదీ దాటింది కాబట్టి, ఆమె అలవాటు చొప్పున కొడితే మిషన్ ఆ అంకెను నెల అనుకుని, అన్ని నెలలు లేవని వెనక్కి నెట్టేస్తుంది.

నేను చేసింది ఇంతే. అయిదు నిమిషాల పని.

దీనికి నా దగ్గర ఒక సాకు కూడా ఉంది. కంపెనీ ఇంజనీరు అంతకుముందు ఎప్పుడో, అసలు మిషన్‌తో వచ్చే ప్రోగ్రాము నెలే ముందు అడుగుతుందని చెప్పాడు. ఎలాగూ అలవాటు చేసుకోవాలి కదా అని మార్చాను అనుకున్నాను. రేపు పొద్దున అక్కకు చెబుదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నట్టు నాకు నేను నటించానా? అది ఇప్పటికీ తేల్చుకోలేను. చాలా ఏళ్లు 'చెప్పడం మరిచిపోయాను' అనే మాటతో బతికాను. మరిచిపోలేదు. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు గుర్తుంది. పొద్దున బస్సులో గుర్తుంది. ఆమె ఆఫీసు మెట్లు ఎక్కి వస్తుంటే గుర్తుంది.

ఇస్త్రీ చేసిన లేత నీలం చీర కట్టుకుని వచ్చింది. జ్వరం తగ్గిందా అని అడిగాను. తగ్గిందంది. వణుకు పుడుతోందని చెప్పి నా చేతిని తన చెయ్యితో పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. ఒక్క మాట చాలు. అక్కా, ఇవాళ నెల ముందు కొట్టు. అంతే మాట. నోరు తెరిచాను కూడా. అప్పుడే కమిటీవాళ్లు గదిలోకి వచ్చారు. నేను తలుపు పక్కకు తప్పుకున్నాను.

ఆమె కూర్చుంది. తేదీ కొట్టింది. మిషన్ కీచుమంది. ఇన్‌వాలిడ్ డేట్ అని తెర మీద వచ్చింది. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ కీచుమంది. నావైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, అది గుర్తుపెట్టుకోండి. సాయం అడగడం కూడా కాదు. నేర్పిన మనిషి ముందు తప్పు చేస్తున్నానే అన్న సిగ్గు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె సున్నా ముందు పెట్టి కొట్టింది. సున్నా తీసేసి కొట్టింది. సంవత్సరం పొడుగ్గా కొట్టింది. వేళ్లు తడబడటం మొదలైంది. కమిటీలో ఎవరో చిన్నగా నవ్వారు. చెమట ఆమె చెంపల మీదుగా కారి మెడలోకి దిగింది. ఖాజా సాబ్‌కు చూడటం కష్టమైంది. ఇక చాలమ్మా అని మెల్లగా అన్నారు. ఆమె లేచి, కుర్చీని జాగ్రత్తగా దాని చోట్లోకి జరిపి, బయటికి వెళ్లింది.

కమిటీ పెద్ద, మిషన్ పాడైందా అని అడిగారు. లేదన్నాను. కూర్చున్నాను. నెల ముందు కొట్టాను, తేదీ తర్వాత. మిషన్ తీసుకుంది. ప్రింటరు కరకరమంది, బిల్లు వచ్చింది. దాన్ని చింపి ఆయన చేతికిచ్చాను. నా చేతులు వణకలేదు. అది తలుచుకుంటే నాకు నా మీదే భయం వేస్తుంది.

తర్వాత బయటికి వెళితే సుగుణ అక్క గోదాం మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పక్కన కూర్చున్నాను. నావైపు తిరిగి అడిగింది.

"చెల్లె, నిజం జెప్పు. నేను ఏడ తప్పిన?"

"ఎక్కడా తప్పలేదక్కా. కంగారుపడ్డావు, అంతే."

"కంగారు గాదు. తేదీ సుత కొట్టరాలే నాకు. రోజు కొట్టేటిదే. నాకు బుర్ర లేదా చెల్లె?"

ఇక్కడ నాకు ఇంకో అవకాశం వచ్చింది. దేవుడనేవాడు ఉంటే చాలా ఓపిక ఉన్నవాడే అయి ఉంటాడు. అదే రోజు, అదే గంటలో, మళ్లీ ఒక తలుపు తీసి పెట్టాడు. నేను ఏమన్నానో చూడండి.

"అందరికీ రాదక్కా ఈ పని."

ఆమె తల ఊపింది. మెల్లగా, రెండుమూడుసార్లు. ఆ మాటను లోపల ఒక చోట పెట్టుకుంటున్నట్టు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వేం ఫికర్ జెయ్యకు. నా వల్ల నీకు మాటొస్తదేమో అని భయపడ్డ. నువ్వు మంచిగనే నేర్పినవ్. నాకే అందలే."

సిబ్బంది ఇంకా తయారుగా లేరని, తెలిసిన మనిషిని పెట్టుకోవడం మంచిదని కమిటీకి చెప్పాను. నన్ను పర్మనెంట్ చేశారు. అందరికంటే ముందు మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది సుగుణ అక్క.

మిషన్ వచ్చాక బిల్లింగ్ సెక్షన్‌లో అంతమంది అవసరం లేకపోయింది. ఆమెను గోదాంకు మార్చారు. మిరపకాయలు, పసుపు తూకం దగ్గర. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని పనిచేసేది. ఖాళీ దొరికితే మిషన్ గదిలోకి వచ్చేది, కానీ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. లోపలికి రమ్మంటే వద్దనేది. తన చెయ్యి తగిలితే పాడైతదని నవ్వేది. ఆఫీసులో బటన్ల ఫోను పెడితే నంబరు వేరేవాళ్లతో నొక్కించుకునేది. మొదట్లో అది హాస్యంగా చేసేది. తర్వాత్తర్వాత హాస్యం పోయి అదే నిజమైంది. పప్పుల పేర్ల మీద అంతమందిని కూర్చోబెట్టి ఒప్పించిన మనిషి మీటింగుల్లో వెనక నిలబడటం మొదలుపెట్టింది. ఎవరైనా ఏదన్నా అడిగితే, నాకేం తెలుస్తది, చెల్లెను అడగండి అనేది.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

రూతు పది పాసయ్యాక పాలిటెక్నిక్‌లో కంప్యూటరు కోర్సు చేస్తానంది. సుగుణ అక్క నా దగ్గరికి వచ్చింది. తమ ఇంట్లో ఎవరికీ అట్లాంటివి అబ్బవనీ, పిల్ల తనలాగే పదిమందిలో నవ్వులపాలవుతుందేమోననీ భయపడింది. ఏం చేయమంటవ్ అని అడిగింది. నేను చేయమని చెప్పాలి కదా. ఆ ఒక్కటైనా చేయాలి. కానీ ఆ పిల్ల చదివితే, చదివి ఏదో ఒకరోజు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటే, అమ్మ చెప్పిన ఆ తేదీ కథ విని ఇట్టే పట్టుకుంటుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. చేతిపని ఏదైనా మంచిదే కదక్కా అన్నాను. రూతు కుట్టుపని నేర్చుకుంది. ఇప్పుడు ఛత్తాబజార్ దగ్గర బ్లౌజులు కుట్టే కొట్టు నడుపుతోంది. బాగానే ఉందంటారు అందరూ. బాగానే ఉండి ఉండవచ్చు. అది నా మనసుకు సర్దిచెప్పుకోవడానికి పనికిరాదు.

సంఘం తర్వాత మూతపడింది. నేను అప్పటికే వేరే ఉద్యోగంలోకి మారాను. ఆ ఒక్క పర్మనెంట్ ఉద్యోగం మెట్టు మీద నిలబడే పైకి వెళ్లాను. పెద్ద పెద్ద ఆఫీసులకు వెళ్లి, మీరు కొత్త మిషన్లకు తయారుగా ఉన్నారా లేదా అని చూసి చెప్పడం నా వృత్తి అయింది. ఎంతోమంది క్లర్కుల ఎదురుగా కూర్చుని, భయపడకండి, మీకు వస్తుంది అని చెప్పాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ బాగా చెప్పాను. అందరూ నన్ను చాలా ఓపిక గల మనిషి అనేవారు.

పాతబస్తీకి ఆ తర్వాత కూడా వెళుతుండేదాన్ని. పండక్కి గాజులు కొనాలనో, ఎవరికో చూపించాలనో సాకు పెట్టుకుని. దబీర్‌పురా దర్వాజా దాటుతుంటే మనసు ఇరవై రెండేళ్ల దానిలా ఉరకలు వేస్తుంది. వెంటనే నీరుగారిపోతుంది. ఆ గల్లీలంటే నాకు ప్రాణం. వాటిని నేను దొంగిలించి దక్కించుకున్నాను. ఈ రెండూ ఒకే కాలి కింద ఉంటాయి, ఎంత జాగ్రత్తగా అడుగు వేసినా.

రెండేళ్ల కిందట సుగుణ అక్క పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. చాన్నాళ్లు బాధపడిందట. పాత సంఘంలో పనిచేసినతను చెబితే జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. చిన్న చర్చి. జనం బాగానే వచ్చారు. రూతు నన్ను గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది, వాళ్లమ్మ లాగే ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని నన్ను ముందు వరసలోకి తీసుకుపోయింది.

"అమ్మ ఎప్పుడు మీ ముచ్చటే జెప్తుండె. మస్తు ఓపికతోని నేర్పినారంట, తనకే రాలేదంట."

అమ్మతో పనిచేసినవాళ్లు ఎవరైనా నాలుగు మాటలు చెప్పమని పాస్టరు గారు అడిగారు. అందరూ నావైపు చూశారు. లేచాను. కర్ఫ్యూ రోజుల్లో నన్ను దాచుకున్న సంగతి చెప్పాను. పప్పుల పేర్ల సంగతి చెబితే అందరూ కన్నీళ్లలోనే నవ్వారు. ఎదురుగా ఆమె ఫోటో ఉంది. రూతు నన్నే చూస్తోంది. చెప్పడానికి అంతకంటే సరైన చోటు ఈ భూమ్మీద లేదు. ఆమె ఎంతో మంచి మనిషి అని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టే చోటు కాదు కాబట్టి ఎవరూ కొట్టలేదు. అది ఒక్కటే నయం.

అక్కడ అనవలసిన మాటలు ఇవి. మీ అమ్మ మిషన్ దగ్గర ఏ తప్పూ చేయలేదు రూతూ. ఆమెకు ఆ పని వచ్చు. ఆ రోజు తేదీ సరిగ్గానే కొట్టింది, కొట్టిన ప్రతిసారీ. నేనే ఆమెకు చెప్పకుండా వరస మార్చాను. ఆ ఉద్యోగం ఆమెది. నీకు కూడా ఆ చదువు వచ్చి ఉండేది.

సుగుణ, రూతు వాళ్ల అసలు పేర్లు కావు. నా పేరు ఎటూ రాయలేదు. ఇంతా చెప్పి ఇంకా దాక్కుంటున్నాను, చూశారా. రూతు ఇది చదివితే గుర్తుపట్టాలని ఉంది. పట్టకూడదనీ ఉంది. ఆమె కొట్టు దగ్గరికి వెళ్లి చెప్పే ధైర్యం రేపు వస్తుందో, ఎప్పటికీ రాదో తెలియదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే సరిపోయే పని కాదు ఇది, ఎవరు క్షమిస్తే సరిపోతుందో ఆమె లేదు. కానీ ఆమె గురించి నేను చెప్పిన అబద్ధం ఒక్కటే ఇన్నాళ్లూ లోకంలో తిరిగింది. ఆమె ఇంట్లో తిరిగింది, ఆమె నోట తిరిగింది, చివరికి ఆమె చర్చిలో కూడా తిరిగింది. ఇవాళ దాని పక్కన నిజం కూడా ఒకటి ఉంది.